వాననీరు గేటు దాటకుండా ఆపితే పన్నులో ఎంత తగ్గాలి? సర్జాపూర్ రోడ్డు అపార్ట్‌మెంట్ లెక్క

#1 కోశాధికారి_సర్జాపూర్

అందరికీ నమస్కారం. వాననీటిని తమ ఆవరణలోనే ఆపుకునేవాళ్లకు ఆస్తి పన్నులో రాయితీ ఇవ్వాలని బెంగళూరు సర్జాపూర్ రోడ్డులోని మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తరఫున కార్పొరేషన్‌కు వినతిపత్రం రాస్తున్నాం. "బయటి దేశాల్లో ఇస్తున్నారట" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఎవరూ పట్టించుకోరు. ఏ ఊళ్లో దేనికిస్తారు, ఎంతిస్తారు, ఏ లెక్కన ఇస్తారు? తెలిసినవాళ్లు చెప్పండి.

మా వివరాలు ఇవి. స్థలం 4,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఎకరం. డాబా 1,400. సిమెంటు రోడ్డు, పార్కింగ్, నడకదారి కలిపి 1,600. మిగతా 1,000 పచ్చిక, మొక్కలు. డాబా నీళ్లకు 60,000 లీటర్ల సంపు ఉంది. 3 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు రింగు బావులు 6. కంకర నింపిన ఇంకుడు గుంతలు 2, ఒక్కోటి 3 × 2 × 2 మీటర్లు. మా లెక్క ప్రకారం 60 + 23 + 24, మొత్తం 107 వేల లీటర్లు ఆపుతున్నాం. ఈ లెక్క నిలబడుతుందా?

#2 పారుదల_డిజైన్

కోశాధికారి గారూ, బయటి దేశాల్లో ముందు రుసుము వచ్చింది, ఆ తర్వాతే రాయితీ వచ్చింది. వినతిపత్రంలో మొదట చెప్పాల్సింది ఇదే. నీళ్ల బిల్లు వేరు, మురుగు బిల్లు వేరు, వాననీటి రుసుము వేరు. మీ స్థలంలో నీరు ఇంకని నేల, అంటే డాబా, సిమెంటు, తారు ఎంత ఉందో విమానం ఫోటోల నుంచి కొలిచి, దాన్నిబట్టి నెలనెలా వసూలు చేస్తారు. ఆ రుసుములో కొంత తగ్గించడమే క్రెడిట్.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మొదట్లో వాననీటి ఖర్చును నీళ్ల మీటరు సైజును బట్టి పంచేవారు. దాంతో నీళ్ల కనెక్షనే లేని పెద్ద పార్కింగ్ స్థలానికి బిల్లే రాదు, చిన్న స్థలంలో పెద్ద మీటరున్న భవనానికి బోలెడు వస్తుంది. 2010 జులైలో ఇళ్లు కాని ఆస్తులకు స్థలాన్ని బట్టి వేయడం మొదలుపెట్టి, నాలుగేళ్లలో దశలవారీగా పూర్తిగా మార్చేశారు. బిల్లులో రెండు భాగాలుంటాయి. మొత్తం స్థలానికి ఒకటి, ఇంకని నేలకు ఒకటి. ఇంకని నేల మీద పడే మొదటి అంగుళం వాన, అంటే 25.4 మిల్లీమీటర్లు, లోపలే ఆపితే రెండో భాగంలో 80 శాతం దాకా తగ్గుతుంది. క్రెడిట్ గడువు నాలుగేళ్లు. తర్వాత మళ్లీ పరీక్ష, మళ్లీ దరఖాస్తు.

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 1,000 చదరపు అడుగుల ఇంకని నేలను ఒక యూనిట్ అంటారు. పర్యావరణ శాఖ రుసుము యూనిట్‌కు నెలకు 2.67 డాలర్లు. మీ 3,000 చదరపు మీటర్లు అక్కడ ఉంటే 32.3 యూనిట్లు, నెలకు 86 డాలర్లు. పూర్తి రాయితీ 55 శాతం కాబట్టి 47 డాలర్లు తగ్గుతాయి. భూగర్భ సొరంగాల ఖర్చు కోసం వేరే చార్జీ ఉంది. అది ఇంతకన్నా పెద్దది, దాని మీద రాయితీ శాతం తక్కువ.

మిన్నియాపొలిస్‌లో నీటిని శుభ్రపరిస్తే 50 శాతం దాకా ఇస్తారు. వరద ఉధృతిని ఆపితే, పదేళ్లకోసారి వచ్చే వానకు సరిపోయే ఏర్పాటుకు 50, వందేళ్లకోసారి వచ్చే వానను తట్టుకుంటే 100.

నాకు బాగా నచ్చింది పోర్ట్‌లాండ్ పద్ధతి. బిల్లును ముందే రెండుగా చీలుస్తారు. 35 శాతం మీ స్థలంలోంచి వచ్చే నీటికి, 65 శాతం వీధుల మీద పడే నీటికి. మీ స్థలంలో నీరంతా మీరే చూసుకుంటే ఆ 35లో నూటికి నూరు శాతం రాయితీ. వీధి మాత్రం అందరిదీ కనుక ఆ 65 అందరూ కట్టాల్సిందే. ఈ విభజనను వినతిపత్రంలో పెట్టండి. "మేం ఒక్క చుక్క బయటికి పంపం, మాకు కాలువ ఖర్చెందుకు?" అనే వాదనకు అక్కడే జవాబుంది.

#3 బెళ్ళందూరు_దిగువన

నాకు ఈ రాయితీ మాటే నచ్చట్లేదు. పైనున్న లేఅవుట్ల నీరంతా మా వీధిలోకి వస్తుంది. తన నీటిని తాను ఆపుకోవడం బాధ్యత. దానికి డబ్బులివ్వడమేంటి? పైగా ఇక్కడ చట్టమే ఉంది. జలమండలి (బెంగళూరు నీళ్లు, మురుగు చూసే బోర్డు) చట్టానికి 2009లో సవరణ తెచ్చి, 60 × 40 అడుగుల పాత స్థలాలకు, 30 × 40 అడుగుల కొత్త కట్టడాలకు వాననీటి సేకరణ తప్పనిసరి చేశారు. చేయకపోతే నీళ్ల బిల్లు మీద శాతం లెక్కన జరిమానా.

ఇంకో సంగతి. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో 2012లో పెద్ద కౌంటీలన్నీ వాననీటి రుసుము వసూలు చేయాలని చట్టం చేస్తే, జనం దానికి "వాన పన్ను" అని పేరు పెట్టి గొడవ చేశారు. 2015లో ఆ తప్పనిసరి నిబంధన ఎత్తేశారు. ఇక్కడ కొత్త రుసుము అంటే ఏమవుతుందో ఊహించుకోండి.

#4 పారుదల_డిజైన్

అన్నా, బాధ్యత అన్న మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. కానీ మన జరిమానా ఎక్కడ పని చేస్తోందో చూడండి. అది కావేరి బిల్లులో, అంటే జలమండలి కొళాయి నీళ్ల బిల్లులో వస్తుంది. బోరు మీద, ట్యాంకర్ల మీద బతికే అపార్ట్‌మెంట్‌కు కావేరి బిల్లే లేదు. ఇక జరిమానా ఎక్కడ వేస్తారు? ఫిలడెల్ఫియాలో మీటరు లేని పార్కింగ్ స్థలం తప్పించుకున్నది ఇలాగే. కావేరి ఐదో దశ 2024 అక్టోబరులో మొదలయ్యాక నగరంలో కలిసిన శివారు 110 గ్రామాల ప్రాంతానికి కనెక్షన్లు వస్తున్నాయి కాబట్టి ఈ కంత కొంత పూడుతుంది.

అసలు చిక్కు రెండు ఆఫీసులది. బావి ఉందా లేదా అని అడిగేది జలమండలి. బావి పని చేయకపోతే వరద వచ్చేది కార్పొరేషన్ కాలువలోకి. కాలువ వెడల్పు చేసే ఖర్చు కార్పొరేషన్‌ది, జరిమానా డబ్బు జలమండలిది. బీబీఎంపీ (నగరమంతటికీ ఉన్న పాత కార్పొరేషన్) పోయి 2025 సెప్టెంబరులో ఐదు కార్పొరేషన్లు వచ్చినా ఈ చీలిక అలాగే ఉంది. ఖర్చు భరించేవాడు తనిఖీ చేయడు, తనిఖీ చేసేవాడికి వరద ఖర్చు తెలియదు. క్రెడిట్ పద్ధతి ఈ రెంటినీ ఒకే చోటికి తెస్తుంది. బావి ఏటా పని చేస్తున్నట్టు చూపిస్తేనే ఏటా తగ్గింపు.

#5 లెక్కల_సుబ్బు

ఒక్క విషయం ఎవరూ గమనించినట్టు లేదు. జలమండలి ఇప్పుడడిగే లెక్క: డాబా చదరపు మీటరుకు 60 లీటర్లు, గట్టి నేల (సిమెంటు, పార్కింగ్ లాంటిది) చదరపు మీటరుకు 30 లీటర్లు. చదరపు మీటరు మీద 1 లీటరు అంటే సరిగ్గా 1 మిల్లీమీటరు వాన. అంటే మన రూలు డాబాకు 60 మిల్లీమీటర్లు, గట్టి నేలకు 30 మిల్లీమీటర్లు ఆపమంటోంది. ఫిలడెల్ఫియా క్రెడిట్‌కు 25.4 చాలు. వాషింగ్టన్‌లో కొత్తగా కట్టే పెద్ద భవనాలు ఆపాల్సింది 1.2 అంగుళాలు, 30.5 మిల్లీమీటర్లు. మొత్తం మీద కాగితం మీద ఈ మూడింటిలో మన రూలే గట్టిది!

మీ స్థలానికి: 1,400 × 60 = 84,000. 1,600 × 30 = 48,000. మొత్తం 132,000 లీటర్లు, అంటే 132 ఘనపు మీటర్లు. మీరు చెప్పిన 107 నిజమే అనుకున్నా చట్టానికి 25 తక్కువ. రాయితీ అడిగే ముందు ఇది సరిచేసుకోవాలి.

2022 సెప్టెంబరు 5 ఉదయానికి 24 గంటల్లో నగరంలో 131.6 మిల్లీమీటర్లు పడింది. మీ 3,000 చదరపు మీటర్ల మీద అది 395 ఘనపు మీటర్లు. చట్టం మొత్తం పాటించినా మూడో వంతే ఆగుతుంది. కాబట్టి "మేం వరద ఆపేస్తాం" అని రాయకండి. "మొదటి మూడో వంతు ఆపుతాం, మిగతాది నెమ్మదిగా వదులుతాం" అని రాయండి.

#6 వరల_బావి

ఆ 107 నిలబడదు. ఒక్కోటీ విప్పి చెప్తాను.

కంకర గుంతలు: 3 × 2 × 2 అంటే 12 ఘనపు మీటర్లు, రెండింటికి 24 అని రాశారు. గుంత నిండా కంకరుంటే నీళ్లకు మిగిలేది రాళ్ల మధ్య సందు మాత్రమే. 40 ఎంఎం కంకరకు నూటికి 40 వంతులు వేసుకోవచ్చు. 24లో 9.6 మాత్రమే. పైన ఇసుక పొర ఉంటే ఇంకా తగ్గుతుంది. దరఖాస్తులు ఎక్కువగా తిరిగొచ్చేది ఈ తప్పుకే.

రింగు బావులు: 3 అడుగుల వ్యాసం, 20 అడుగుల లోతుకు మీరు వేసిన 23 సరైనదే, కానీ నేల మట్టం దాకా లెక్కేశారు. నీళ్లు వచ్చే గొట్టం, పొర్లి పోయే గొట్టం నేలకు రెండున్నర అడుగుల కింద ఉంటాయి. వాటి మట్టానికి పైన నీళ్లు నిలవవు. లోతు 5.25 మీటర్లు వేసుకుంటే బావికి 3.34, ఆరింటికి 20.

సంపు: దీంట్లోనే పెద్ద మోసం ఉంది. 60,000 లీటర్ల సంపును ట్యాంకర్ నీళ్లతో ఎప్పుడూ అంచు దాకా నింపి ఉంచితే వాన వచ్చేసరికి దాంట్లో చోటెక్కడుంది? క్రెడిట్ ఇచ్చేది సంపుకు కాదు, సంపులో ఉన్న ఖాళీకి. వాడకం చూసుకుని సగం ఖాళీగా ఉంచుతారనుకుంటే 30.

మొత్తం 30 + 20 + 9.6. 60 దాటదు. చట్టానికి 72 తక్కువ. ఫిలడెల్ఫియా అంగుళం లెక్క 76 ఘనపు మీటర్లకు కూడా తక్కువే.

#7 కోశాధికారి_సర్జాపూర్

కళ్లు తెరిపించారు సార్. సంపు సంగతి అసలు తట్టలేదు, మాది రోజూ నిండుగానే ఉంటుంది. ఆ 72 ఎలా పూడ్చాలి? ఇంకో సంగతి, పచ్చికలో 400 చదరపు మీటర్లు బేస్‌మెంట్ స్లాబు మీదే ఉంది.

#8 వరల_బావి

ముందు డబ్బు పడని పని. ట్యాంకర్ నీళ్లకు వేరే సంపు ఉంటే అటు మళ్లించి, మే నుంచి అక్టోబరు దాకా డాబా సంపును వాననీటికే వదిలేయండి, వాన వెలిసిన రోజునుంచే వాడేయండి. 30 కలిసొస్తుంది.

తర్వాత గట్టి నేల తగ్గించండి. అవసరం లేని నడకదారి, వాహనాలు తిరగని పార్కింగ్ మూల 300 చదరపు మీటర్లు తీసేసి మట్టి కనబడనివ్వండి. 9 తగ్గుతుంది. చిల్లుల టైల్స్ వేస్తే ఇంకుతుందని అందరూ నమ్ముతారు, కానీ కింద సిమెంటు పరుపు పోసి వాటిని పరిస్తే ఒక్క చుక్క దిగదు. కింద 6 అంగుళాల మందాన కంకర, దాని మీద 2 అంగుళాల మందాన రాతి చిప్స్, ఆ పైన టైల్. సిమెంటు ఎక్కడా ఉండకూడదు. గట్టి నేల వైపు నుంచి దుమ్ము కొట్టుకొచ్చే చోట వేస్తే రెండేళ్లలో సందులు మూసుకుపోతాయి.

మిగిలిన 33కి కొత్త బావులు. 4 అడుగుల వ్యాసం, 30 అడుగుల లోతు. పని చేసే లోతు 8.25 మీటర్లు, బావికి 9.3. నాలుగు తవ్వితే 37.

తవ్వకం గురించి. ఇక్కడ బావులు తవ్వేది మన్ను వడ్డర్లు. వాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే, కాబట్టి మేస్త్రీతో నేరుగా మాట్లాడండి. ఎర్రమట్టి ఎన్ని అడుగులు, జిగట మట్టి ఎన్ని, మొరం ఎక్కడ తగిలింది అని అడుగడుగునా రాయించుకోండి. నీరు బాగా గుంజేది మొరం. జిగట మట్టిలోనే తవ్వకం ఆపేస్తే అది ఇంకుడు బావి కాదు, నీళ్ల తొట్టి. ఒప్పందంలో "20 అడుగులు" అని కాకుండా "మొరంలోకి 5 అడుగులు" అని రాయండి.

సిమెంటు వరలు, ఇక్కడి మాటలో రింగులు, ఒక్కోటి అడుగు ఎత్తు. ఒకదాని మీద ఒకటి పేర్చాలి, మధ్యలో సిమెంటు పూయకూడదు. ఆ సందులోంచే నీరు పక్క మట్టిలోకి పోతుంది. నీట్‌గా కనబడాలని మేస్త్రీ పూసేస్తాడు, దగ్గరుండి ఆపాలి. రింగుకూ మట్టికీ మధ్య అరడుగు సందు వదిలి 20 ఎంఎం కంకర పోయాలి. అడుగున కాంక్రీటు వేయకూడదు, అడుగు మందాన కంకర చాలు. బావి లోపల మాత్రం ఖాళీగా ఉండాలి. కంకర నింపితే సగానికి పైగా పోయినట్టే, పూడిక తీయడానికి మనిషి దిగలేడు కూడా. పైన మధ్యలో మూత ఉన్న ఆర్‌సీసీ స్లాబు, మూత కింద ఇనప జాలీ. పిల్లలు ఆడుకునే చోట జాలీ లేకుండా ఒక్క రోజు కూడా ఉంచకండి.

బావికి ముందు పూడిక తొట్టి. 2 × 2 × 2 అడుగులు, మధ్యలో అడ్డు గోడ. నీరు గోడ కిందనుంచి దూరి పైకి లేచి అవతలికి పోవాలి. బావికి వెళ్లే గొట్టం తొట్టి అడుగు నుంచి కనీసం అడుగు పైన పెట్టాలి. అడుగునే పెడితే మట్టి మొత్తం బావిలోకే.

#9 పారుదల_డిజైన్

స్లాబు మీది 400 చదరపు మీటర్ల పచ్చిక గురించి. కింద స్లాబు ఉంటే అది భూమి కాదు, పచ్చ డాబా. మట్టి తడిసినంతసేపు నీటిని పట్టి ఉంచుతుంది, తర్వాత వదిలేస్తుంది. బెర్లిన్‌లో 2000 నుంచి వాననీటి బిల్లు మురుగు నుంచి విడగొట్టి చదరపు మీటర్ల లెక్కన వేస్తున్నారు. అక్కడ పచ్చ డాబాను సగం గట్టి నేలగా లెక్కేస్తారు. మీ ప్లానులో కూడా దాన్ని "పచ్చిక" గా కాకుండా విడిగా చూపించండి. తనిఖీకి వచ్చినవాళ్లు బేస్‌మెంట్ ప్లాను అడగడం ఖాయం.

బేస్‌మెంట్ పక్కన కొత్త బావి వద్దు. 30 అడుగుల బావిలో నీరు నిలిస్తే ఆ ఒత్తిడి నేరుగా గోడ మీద పడుతుంది. గోడలో తేమ, లిఫ్టు గుంతలో నీళ్లు అప్పుడే మొదలవుతాయి. బేస్‌మెంట్ లేని వైపే తవ్వండి.

అలాంటి చోటే లేని అపార్ట్‌మెంట్లకు ఇంకో దారి: నీటిని కాసేపు ఆపి మెల్లగా వదిలే తొట్టి. మీ 3,000 చదరపు మీటర్ల మీద గంటకు 60 మిల్లీమీటర్ల జోరున వాన పడితే, పదో వంతు తడికి పోయిందనుకున్నా, సెకనుకు 45 లీటర్లు గేటు బయటికి పోతాయి. 60 ఘనపు మీటర్ల, 1 మీటరు లోతు తొట్టి కట్టి, అడుగున 50 ఎంఎం రంధ్రం ఒక్కటి పెడితే, తొట్టి నిండుగా ఉన్నా ఆ రంధ్రంలోంచి బయటికి వెళ్లేది సెకనుకు 5 లీటర్లే. వాన ఆగాక ఖాళీ కావడానికి ఆరున్నర గంటలు. రంధ్రానికి ముందు జాలీ పెట్టకపోతే ఒక్క బాదం ఆకు చాలు మూసుకుపోవడానికి. తొట్టి పై అంచు దగ్గర 6 అంగుళాల పొర్లు గొట్టం తప్పనిసరి.

కార్పొరేషన్‌కు పనికొచ్చేది నిజానికి ఇదే. కాలువ పొంగేది ఆ మొదటి గంటలో. రాజకాలువ (పెద్ద వరద కాలువ) దిగువన ఉన్న అన్న ఇంటికి తేడా కనబడేది, తొట్టి నిండేదాకా, ఈ 45కీ 5కీ మధ్యే.

#10 బెళ్ళందూరు_దిగువన

ఈ లెక్క బాగుంది తమ్ముడూ. దీన్ని ఒక్కో అపార్ట్‌మెంట్ కాదు, ఒక్కో కాలువ పరీవాహకం మొత్తానికి వేస్తే రాయితీ ఎవరికి ముందివ్వాలో తెలుస్తుంది. కానీ నాకున్న భయం ఒకటే. ఫోటో తీసి దరఖాస్తు పెట్టి, మరుసటేడు బావిలో చెత్త పోస్తారు. పని చేస్తోందని ఎలా నిరూపిస్తారు?

#11 వరల_బావి

ఒక ట్యాంకరు, ఒక టేపు. అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

ముందు రోజు బావి నింపి మట్టిని తడిపి వదిలేయండి. ఎండిన మట్టి ఎంతైనా తాగుతుంది, ఆ లెక్క పనికిరాదు. మర్నాడు మళ్లీ పొర్లు గొట్టం దాకా నింపి, మొదటి గంట పావుగంటకోసారి, ఆ తర్వాత గంటకోసారి నీటి మట్టం కొలవండి. 3 అడుగుల బావిలో 10 సెంటీమీటర్లు దిగితే 64 లీటర్లు ఇంకినట్టు, 4 అడుగుల బావిలో అయితే 113. రెండు రోజుల్లో బావి ఖాళీ కావాలి. ఫిలడెల్ఫియాలో మూడు రోజులు, 72 గంటల దాకా ఒప్పుకుంటారు. అంతకు మించితే తర్వాతి వానకు బావిలో చోటుండదు కాబట్టి క్రెడిట్ లేదు.

పరీక్ష మార్చిలో చేస్తే అన్ని బావులూ పాసవుతాయి. సెప్టెంబరులో చేయండి. చెరువు పక్క లోతట్టు లేఅవుట్లలో అప్పటికి భూగర్భ జలమే 15 అడుగులకు లేచి ఉంటుంది. అలాంటి చోట 20 అడుగుల బావిలో కింది ఐదడుగులు ఎప్పుడూ నిండే ఉంటాయి, ఆ ఐదడుగులు లెక్కలోకి రావు.

మట్టం దిగడం ఒక్కసారిగా మందగిస్తే అడుగున మెత్తటి బురద పొర పేరుకుందని అర్థం. మోటారుతో నీళ్లు తోడి, మనిషిని దింపి, పై కంకర తీసి కడిగి మళ్లీ వేయాలి. దింపే ముందు మూత తీసి గాలి ఆడనివ్వాలి, నడుముకు తాడు కట్టాలి, పైన ఇద్దరుండాలి. మురుగు వాసన ఉంటే అసలు దింపకూడదు.

#12 మారతహళ్లి_ప్లంబింగ్

మురుగు వాసన మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. చాలా అపార్ట్‌మెంట్లలో యుటిలిటీ బాల్కనీలో వాషింగ్ మెషీన్ నీళ్లను వాన గొట్టానికే కలిపేస్తారు, దగ్గరగా ఉందని. ఆ సబ్బు నీళ్లు రోజూ ఇంకుడు బావిలోకే పోతాయి. కనిపెట్టడం తేలిక. వారం రోజులు వాన లేనప్పుడు ఉదయం 9 గంటలకు పూడిక తొట్టి మూత తీసి చూడండి. తొట్టి ఎండి ఉండాలి. నీళ్లు కదులుతున్నా, నురగ కనబడినా, పైనుంచి ఒక్కో ఫ్లాట్‌లో రంగు నీళ్లు పోసి ఏ గొట్టంలో వస్తున్నాయో పట్టుకోవచ్చు. ఎస్టీపీలో (మురుగు శుద్ధి ప్లాంటులో) శుద్ధి చేసిన నీటిని కూడా బావుల్లోకి వదలొద్దు, దాని చోటు ఫ్లష్‌లోను, తోటలోను.

డాబా నీళ్ల విషయానికొస్తే మొదటి 2 మిల్లీమీటర్లు పారబోయాలి, దీన్నే ఫస్ట్ ఫ్లష్ అంటారు. 100 చదరపు మీటర్ల డాబాకు 200 లీటర్లు. 4 అంగుళాల గొట్టం మీటరుకు 8, 9 లీటర్లే పడుతుంది కాబట్టి "ఒక మీటరు గొట్టం పెట్టాం, ఫస్ట్ ఫ్లష్ ఉంది" అంటే కుదరదు. పెద్ద డాబాలకు గొట్టంకన్నా 200 లీటర్ల డ్రమ్ము, అడుగున చిన్న ట్యాపు మేలు. ట్యాపు వాన తర్వాత తెరవాలి, లేకపోతే రెండో వానకు డ్రమ్ము నిండే ఉంటుంది. జయనగర్ ఐదో బ్లాకులో జలమండలి వాననీటి థీమ్ పార్కులో పాప్‌అప్ ఫిల్టరుతో సహా ఇవన్నీ విప్పి చూపిస్తారు. కమిటీ ఒకసారి వెళ్లి రండి.

గట్టి నేల మీద పారిన నీరు, ముఖ్యంగా కార్లు నిలిపే చోటుది, నేరుగా బోరులోకి దింపొద్దు. నూనె, మట్టి ఒక్కసారి బోరులో చేరితే తీసే దారి లేదు. దాన్ని పూడిక తొట్టి దాటించి బావిలోకే పంపండి.

#13 కోశాధికారి_సర్జాపూర్

వినతిపత్రంలో ఏ శాతం అడగాలి? మన దేశంలో ఎక్కడైనా ఉందా?

#14 లెక్కల_సుబ్బు

ఉంది. ఢిల్లీ జల్ బోర్డు వాననీటి సేకరణకు నీళ్ల బిల్లులో 10 శాతం రాయితీ ఇస్తుంది, చేయాల్సినవాళ్లు చేయకపోతే బిల్లు ఒకటిన్నర రెట్లు. పుణేలో ఆస్తి పన్నులో తగ్గింపు ఉంది: వాననీరు, సౌరశక్తి, ఎరువు తయారీ లాంటివాటిలో ఒకటి ఉంటే 5 శాతం, రెండు ఉంటే 10. అయితే ఈ రెండూ "ఉందా, లేదా" అని చూసే పద్ధతులు. ఎన్ని లీటర్లు అని అడగవు. పది లీటర్ల గుంతకూ, లక్ష లీటర్ల ఏర్పాటుకూ ఒకే రాయితీ అయితే లక్ష లీటర్లు ఎవరు కడతారు?

#15 పారుదల_డిజైన్

సుబ్బు గారి మాట మీదే నేనైతే ఇలా రాస్తాను. చట్టం అడిగిన 132కి రాయితీ అడగొద్దు. దాన్ని దాటిన ప్రతి ఘనపు మీటరుకూ అడగండి. వాషింగ్టన్‌లో 2013 నుంచి నడుస్తున్న క్రెడిట్ల అమ్మకం కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. ఏడాది పాటు ఒక గ్యాలన్, అంటే 3.785 లీటర్లు ఆపగలిగితే ఒక క్రెడిట్. కట్టడం నిబంధన ప్రకారం తప్పనిసరిగా ఆపాల్సినదాన్ని మించితేనే, అదీ 1.7 అంగుళాల వాన దాకానే లెక్క. స్థలం చాలని బిల్డరు తన వాటాలో సగం లోపలే ఆపి, మిగతా సగానికి ఈ క్రెడిట్లు కొనుక్కోవచ్చు. ఒకసారికి మూడేళ్లకు మించి ధ్రువీకరించరు. మధ్యలో నిర్వహణ ఆపేస్తే అమ్మినవాడు ఆ గ్యాలన్లను తిరిగి పూడ్చాలి.

పత్రానికి జత చేయాల్సినవి: గట్టి నేల, స్లాబు మీది పచ్చిక, నిజమైన మట్టి మూడింటినీ వేర్వేరు రంగుల్లో చూపిన ప్లాను. కట్టాక కొలిచిన కొలతలు, కట్టకముందు గీసిన డ్రాయింగు కాదు. ప్రతి బావికి నంబరు, పొర్లు గొట్టం లోతు, సెప్టెంబరు పరీక్ష పట్టిక. పూడిక తొట్టి శుభ్రం చేసిన తేదీల పుస్తకం: ఏప్రిల్ చివర, మే తొలకరి జల్లుల తర్వాత, ఆగస్టులో, అక్టోబరు వానల ముందు. ఎప్పుడైనా తనిఖీకి రావచ్చన్న అనుమతి పత్రం. ఈ చివరిది మీరే ఇవ్వజూపండి. కార్పొరేషన్‌కు నమ్మకం కలిగేది దానితోనే.

రాయితీ ఎంతన్నది వాళ్ల నిర్ణయం. ఈలోగా మీకు తప్పకుండా దక్కేది నీరే. బెంగళూరులో ఏడాదికి సగటున 970 మిల్లీమీటర్ల వాన. మీ 1,400 చదరపు మీటర్ల డాబా మీద, 15 శాతం పోగా, 1,154 ఘనపు మీటర్లు. 12,000 లీటర్ల ట్యాంకర్లు 96. అన్నీ సంపులో పట్టవు. పట్టినన్ని మాత్రం ఏ ఆఫీసు సంతకం లేకుండా మీవే.

#16 బెళ్ళందూరు_దిగువన

కోశాధికారి గారూ, సంతకాల్లో నా పేరు కూడా వేసుకోండి. ఒక్కటి చేర్చండి: పొర్లు గొట్టం. మీ బావుల పొర్లు గొట్టం వీధి కాలువలోకి పెట్టే ఉంటారు. కాలువ నిండినప్పుడు నీటి మట్టం ఆ గొట్టానికి పైకి వస్తుందేమో చూశారా?

#17 కోశాధికారి_సర్జాపూర్

చూశాను అన్నా, ఇప్పుడే కొలిచి వచ్చాను. కాలువ గోడ మీద నీటి మరక మా గొట్టం అంచుకు 20 సెంటీమీటర్ల పైన ఉంది.

#18 మారతహళ్లి_ప్లంబింగ్

అయితే కాలువ పొంగిన ప్రతిసారీ మురుగు వెనక్కి బావుల్లోకే వస్తుంది. మొదట గొట్టాన్ని మరకకు పైకి లేపండి, కనీసం 10 సెంటీమీటర్లు ఎక్కువ. లేపితే ఆవరణలోకి పొర్లుతుందనుకుంటే కాలువ వైపు చివర 6 అంగుళాల ఫ్లాప్ వాల్వు (ఒక వైపే తెరుచుకునే రెక్క ఉన్న మూత) బిగించండి. రెక్క బయటికి తెరుచుకోవాలి, లోపలికి కాదు. బిగించాక ఒక బకెట్ నీళ్లు లోపలినుంచి పోసి తెరుచుకుంటుందో లేదో, చేత్తో వెనక్కి నొక్కి పూర్తిగా మూసుకుంటుందో లేదో చూడండి. ప్లాస్టిక్ కవరు ఒక్కటి ఇరుక్కున్నా రెక్క మూసుకోదు కాబట్టి తొట్టి శుభ్రం చేసే రోజే దీన్నీ చూసే పని పుస్తకంలో రాయండి. అది అయ్యేవరకు కాలువ వైపున్న బావుల నీటిని తోటకు కూడా వాడకండి.